సీడీ ప్లేయరు కొన్న రోజే తాతయ్యకు చెవుడొచ్చింది

నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి చెవులంటే మా తాతయ్యవే. చిన్నప్పుడు అన్నానని మరీ రాజుల కాలం అనుకోకండి, అప్పటికే సీడీలు ఉన్నాయి. కాకపోతే మొన్న మా అన్నయ్య కొడుకు పాత సీడీ ఒకటి దొరికితే అందులో ముఖం చూసుకుని, "అద్దానికి మధ్యలో కన్నం ఎందుకత్తా?" అని అడిగాడు. దాంతో నేనూ పెద్దవాళ్ళలో చేరిపోయానని ఒప్పుకుని ఈ ముచ్చట చెబుతున్నాను.

మాది ఐ.పోలవరం దగ్గర, గోదారి గట్టు. తాతయ్య అప్పటికే చేపల వేట మానేసి పడవ నాన్నకి అప్పగించేశారు. సాయంత్రాలు రేవులో కూర్చుని, కంటికేమీ కనపడకుండానే, మలుపు అవతల వస్తున్న ఇంజను పడవ చప్పుడు విని అది ఎవరిదో చెప్పేవారు. ఒక్కోసారి ఆ మహానుభావుడు ఇంజనుకి ఆయిలు మార్చలేదని కూడా చెప్పేవారు.

మామ్మ సంగతి వేరు. రామకోవెల భజనలో ముందు గొంతు ఆవిడదే. ఆవిడ ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవారు. అలాంటి మనిషి ఉన్నట్టుండి భజనకి వెళ్ళడం మానేసింది. అడిగితే మోకాళ్ళ నొప్పులంది. అవే మోకాళ్ళతో దొడ్లోంచి కొబ్బరి మట్టలు మాత్రం బరబరా ఈడ్చుకొచ్చేది. అసలు విషయం ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడకి వినికిడి తగ్గింది. ఒకరోజు భజనలో అందరూ ఒక చరణం పాడుతుంటే ఆవిడ ఇంకో చరణం ఎత్తుకుందట. ఎవరో నవ్వారట. ఆ రోజు నుంచే మోకాళ్ళ నొప్పులు.

ఆ మాట మాత్రం ఆవిడ దగ్గర ఎత్తకూడదు. డాక్టరుకి చూపిద్దామంటే, "నాకేం రోగం? మీరే నోట్లో నోట్లో గొణుగుతున్నారు" అనేది. ఇంటిల్లిపాదీ కూడబలుక్కుని గొణుగుతున్నామని ఆవిడ గట్టి నమ్మకం. చివరికి మా పాత రేడియో కూడా ఈ కుట్రలో చేరింది. "దీని గొంతు పోయిందిరా" అని నాన్నతో చెప్పింది. నాన్న బ్యాటరీలు మార్చాడు. తర్వాత బాగుచేసే అతనికి ఇస్తే, రేడియో శుభ్రంగా ఉందని తిప్పి పంపాడు. తాతయ్య మాత్రం మామ్మ ముందు అతన్నే తప్పుపట్టారు. "పాతదైపోయిందే, అతనికేం తెలుస్తుంది? సీడీలూ రేడియో కలిసున్న పెట్టెలొస్తున్నాయిగా, ఒకటి కొందాం. వంటింట్లోకీ అరుగు మీదకీ నువ్వే మోసుకెళ్ళొచ్చు" అన్నారు.

అంత తెలివైన మనిషి ఇంత తెలివితక్కువ పని చేస్తున్నారేమిటా అని నాకు బెంగపట్టుకుంది. రేపు కొత్త పెట్టె గొంతు కూడా పోతే? పాతదనే వంక ఇక ఉండదు. దాచుకున్నదంతా షాపులో, ముక్కూ ముఖం తెలియనివాళ్ళ ముందు బయటపడిపోతుంది. మోకాళ్ళ పేరు చెప్పి భజన మానేసిన మనిషి, ఆ తర్వాత ఇల్లు కదులుతుందా?

అయినా ముగ్గురం అమలాపురం బస్సెక్కాం. బస్సు మలుపు తిరక్కముందే, అదిగో వస్తోందని చెప్పింది కూడా తాతయ్యే.

షాపాయన మంచి మర్యాదస్తుడు. "రండి బాబాయి గారూ, రండి పిన్ని గారూ" అంటూ నల్లటి పెట్టె ఒకటి తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. పైన పిడి, అటూ ఇటూ రెండు గుండ్రటి స్పీకర్లు, అచ్చం కళ్ళు తేలేసిన కప్పలా ఉంది. అందులో భక్తిపాటల సీడీ వేశాడు. మామ్మ కౌంటరు మీద చెయ్యి ఆనించి, కోవెల్లో నిలబడినంత బుద్ధిగా నిలబడింది. పాట అయింది. రెండో పాట మొదలవడానికి కాస్త వ్యవధి ఉంటుంది కదా, సరిగ్గా అప్పుడే షాపాయన "ఎలాగుందండీ పిన్ని గారూ?" అని చేత్తో పెట్టెని చూపించాడు.

"అబ్బో, ఇదిగో ఇప్పుడెంత బావుందో!" అంది మామ్మ.

పెట్టె నిశ్శబ్దంగా ఉంది. షాపాయన పెట్టె వైపు చూశాడు, మామ్మ వైపు చూశాడు. ఫ్యాను కొనడానికొచ్చిన ఇద్దరు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఒకాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చెవికి అందకపోయినా నవ్వు కంటికి అందుతుంది. మామ్మ చూసేసింది. కోవెల్లో చూసిన నవ్వే అది. చెయ్యి వెనక్కి తీసుకుని పైట చెంగు భుజం చుట్టూ బిగించుకుంది. ఇక పద, ఇంటికెళ్ళిపోదాం అనే ముందు ఆవిడ చేసే పని అది.

'పాట అయిపోయింది మామ్మా' అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. అలాంటి అవకాశాలు నా నోరు సాధారణంగా వదులుకోదు. ఈలోపు తాతయ్య చెవి వెనక అరచెయ్యి పెట్టి ముందుకొచ్చారు.

"ఉండవయ్యా బాబూ! నాకు ముక్క వినపట్టం లేదు. ఈ మధ్య చెవుడొచ్చిందిలే. గట్టిగా పెట్టు!"

నేను ఆయన చెవుల వైపు చూశాను. పొద్దున్న బస్సుని పసిగట్టిన చెవులే. తెరిచిన నోరు మూసుకోలేదని ఆయన ఎంతో ప్రేమగా నా కాలు తొక్కారు.

షాపాయన శబ్దం పెంచాడు. తాతయ్య ఊహూఁ అన్నారు. ఇంకా పెంచాడు. ఊహూఁ. ఎదురు టీకొట్టు దగ్గరున్నవాళ్ళు గ్లాసులతో సహా గుమ్మంలోకి వచ్చారు. "బాబాయి గారూ, ఇంకా పెంచితే నా షోకేసు అద్దాలు ఊడొచ్చేత్తాయండీ" అని షాపాయన మొత్తుకున్నాడు.

అప్పుడు గమనించాను. తాతయ్య ఆ పెట్టె వైపు చూడటమే లేదు. మామ్మ చేతి వైపు చూస్తున్నారు. ఆ చెయ్యి పైట వదిలి మెల్లగా మళ్ళీ కౌంటరు మీదికి వచ్చింది. వేళ్ళు ఒకసారి తడబడి, తర్వాత తాళం అందుకున్నాయి. కాసేపటికి పెదవులు కూడా కదిలాయి.

"ఆఁ, అదీ! ఇప్పుడు వినపడింది. ఇదే ఇచ్చెయ్యి" అన్నారు తాతయ్య.

ఫ్యాను కొనడానికొచ్చినవాళ్ళు ఇప్పుడు ఆయన్ని చూసి నవ్వుతున్నారు. మామ్మ మీద వాలిన నవ్వు ఎగిరి ఆయన మీద వాలింది. ఆయన దానికి కుర్చీ వేసి కూర్చోబెట్టినంత మర్యాద చేశారు.

తిరుగు ప్రయాణంలో ముమ్మిడివరం దాటేదాకా మామ్మ ఆయన్ని ఓదారుస్తూనే ఉంది. చెవిటిమనిషి కదా పాపం, బస్సంతా వినపడేలా ఓదార్చింది. "బెంగెట్టుకోకండీ. వయసొచ్చేక ఎవరికైనా వచ్చేదే. దాచుకోడం దేనికి? చెప్పుకుంటే పోయేదేవుంది?" నేను నవ్వాపుకోలేక కిటికీలోంచి తల బయటపెట్టాను. తాతయ్య మాత్రం ఆ హితబోధ అంతా విని, "ఆయ్" అన్నారు.

మర్నాటికల్లా తాతయ్య చెవుడు వీధంతా తెలిసిపోయింది. వచ్చినవాళ్ళందరూ ఆయన కోసం గొంతు చించుకుని మాట్లాడసాగారు. ఆయన పక్కనే కూర్చునే మామ్మకి ప్రతి మాటా అందేది. ఇంట్లో గొణుగుడు ఒక్కసారిగా ఆగిపోయింది. "పాపం, ఆయనకోసం" అంటూ పెట్టె తనే పెద్దగా పెట్టేది. మోకాళ్ళ నొప్పులు కూడా తగ్గాయి. "ఆయనకి వినపడదండీ, ముందు కూర్చోనివ్వండి" అని భజనలో హార్మోనియం పక్కనే ఇద్దరికీ చోటు సంపాదించింది. హార్మోనియం చెవి పక్కనే మోగుతుంటే చరణం ఎందుకు తప్పుతుంది?

తాతయ్యకి ఇదేమీ తేరగా రాలేదు. వెల్లుల్లి వేసి కాచిన నూనె మామ్మ రోజూ ఆయన చెవుల్లో పోసేది. ఆయన దగ్గర కొన్నాళ్ళపాటు ఆవకాయ జాడీ వాసన వచ్చేది. పేకాట మిత్రులు ఆయన ముందే తమ ముక్కల గురించి మాట్లాడుకునేవారు. అందులో ఆయనకి కాస్త లాభం లేకపోలేదనుకోండి.

ఒక సాయంత్రం రేవులో, "మీ నాన్న పడవ మలుపు తిరిగింది. వెళ్ళి మామ్మతో చెప్పు" అన్నారు. నాకు గాలి తప్ప ఏమీ వినపడటం లేదు.

"నీకు చెవుడు కదా తాతయ్యా?" అన్నాను.

"ఆ డ్యూటీ ఇంటి దగ్గరేనమ్మా" అని నవ్వారు. మళ్ళీ ఆయనే, "మీ మామ్మని చూసి నవ్వితే ఆవిడ పాట పోద్ది. నన్ను చూసి నవ్వితే నాకేం పోద్ది?" అన్నారు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. పెట్టె ఉంది. సీడీలు తిప్పడం ఎప్పుడో మానేసింది, రేడియో మాత్రం పలుకుతుంది. మొన్నామధ్య నాన్న తన ఫోను మసకేసిందని, అక్షరాలు అరిగిపోయాయని గోల మొదలుపెట్టాడు. కళ్ళజోడు మాట ఎత్తితే ఆ పూట అన్నం మానేశాడు. సరే కొత్తది కొందామని అమలాపురం తీసుకెళ్ళాను. షాపువాళ్ళు ఫోను చేతికిచ్చి, చదివి చూడండి బాబాయి గారూ అన్నారు. నాన్న ఫోనుని చెయ్యి చాచినంత దూరం పెట్టి, కనుబొమలు ముడేసి, గొంతు సవరించుకున్నాడు.

"నాకు కళ్ళానట్లేదండీ. అక్షరాలు పెద్దవి చేయండి" అన్నాను నేను. నాన్న కనుబొమల ముడి విడేదాకా పెద్దవి చేయిస్తూనే ఉన్నాను.

తిరుగు బస్సులో నాన్న ఒకటే బాధ. ఈ వయసుకే కళ్ళు పోతే ఎలాగే, క్యారెట్లు తినవు, డాక్టరుకి చూపించుకోవు, ఇందులో సిగ్గెందుకు అని బస్సంతా వినపడేలా మందలించాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, అల్లంత దూరాన వెళ్తున్న లారీ వెనక రాసిన చిన్న అక్షరాలు కూడా చదువుకుంటూ, "ఆయ్" అన్నాను.