చక్రవర్తి చెంప మీది గాటు

మాదాపూర్‌లో ఇంకా గుట్టలు పేలుస్తున్న రోజుల్లో, అక్కడో చిన్న కంపెనీలో బొమ్మలు దిద్దే ఉద్యోగం దొరికింది నాకు. మన జిల్లాల్లో పొలాలు దున్నుతుంటే బయటపడ్డ రోమన్ వెండి నాణేల మీద ఒక విదేశీ సంస్థ సీడీ చేయించుకుంటోంది. నాణేల్ని స్కాన్ చేసి, ఆ బొమ్మల్ని కంప్యూటర్‌లో శుభ్రం చేయడం నా పని.

ఒకవైపు తలకి ఆకుల దండ చుట్టుకున్న చక్రవర్తి. రెండోవైపు కుర్చీలో కూర్చుని, చేత్తో కొమ్మ పట్టుకున్న ఒకావిడ. చాలా నాణేల్లో చక్రవర్తి చెంప మీద ఉలితో కొట్టినట్టు లోతైన గాటు.

"ఆ గీతలన్నీ తీసేయండి. మొహం నీట్‌గా ఉండాలండీ," అన్నాడు మేనేజరు. బెజవాడ మనిషి. మర్యాదకి లోటు లేదు, ఎదుటివాళ్ల మాట వినడమే రాదు.

నెల రోజులు కళ్లు మండేలా చెంపల మీది గాట్లు పూడ్చాను. ఆఫీసు ఊడ్చే పాలమూరు అక్క ఒకరోజు నా వెనకాల ఆగి చూసింది.

"గా గాటెందుకు తుడుస్తున్నవ్ చెల్లె? అసలు వెండేనా, లోపల రాగి ఉన్నదా అని కోసి చూసిన్రు. మా అమ్మ కడియం మీద గూడ గిట్లనే ఉండె."

వెంటనే వెళ్లి మేనేజరుతో చెప్పాను. నవ్వాడు. "ఊడ్చే ఆవిడ మాట మీద ప్రాజెక్టు మార్చమంటారా?" పైగా కంప్యూటర్‌లో చోటు చాలట్లేదని ఆ వారమే అసలు స్కాన్లన్నీ చెరిపించాడు.

మేం పంపిన నమూనాలు చూసి విదేశీయులు ఉత్తరం రాశారు. ఈ నాణేలు భారతదేశంలో చేతులు మారాయనడానికి గుర్తు ఆ గాట్లే, అవి ఏమయ్యాయి?

మేనేజరు పరుగున నా బల్ల దగ్గరికి వచ్చాడు. "మీరైనా చెప్పాలి కదండీ!"

కీబోర్డు ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది.

మళ్లీ మొదలు. మ్యూజియంలో నాణేలు భద్రపరిచే పెద్దాయన్ని బతిమాలితే రోజుకు నాలుగే మా ఆఫీసుకి తెచ్చేవాడు, అవీ తన కళ్లముందే స్కాన్ చేయాలి. సగంలో కరెంటు పోయేది. లేదంటే బయట రాయి పేలి బల్ల అదిరేది, బొమ్మ చెడేది. పెద్దాయన విసుక్కునేవాడు, నేను పళ్లు కొరికేదాన్ని. అలా రెండు నెలలు.

చివరికి గాట్లతోనే సీడీ పూర్తయింది. వాళ్లు మెచ్చుకున్నారని మేనేజరు అందరికీ బిర్యానీ పార్టీ ఇచ్చాడు. అక్కని పిలవలేదు. పిలవమని నేను అడిగితే, "టీముకి మాత్రమేనండీ," అన్నాడు.

తలనొప్పని చెప్పి నేనూ వెళ్లలేదు. అది అబద్ధం కూడా కాదు.