క్లచ్ గట్టిగుందన్నాడు

పద్దెనిమిదేళ్లు నా బండి తోలిన మనిషి పొదిలిలో వేరే టెంట్ హౌస్‌కు వెళ్లిపోయాడని తెలిసిన రోజు, నన్ను నట్టేట ముంచాడని మార్కాపురంలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. చెప్పనిది ఒక్కటే, బండి కొన్న సంగతి.

పెళ్లిళ్లకు జనరేటర్ అద్దెకివ్వడం మా పని. అది రెండు చక్రాల ట్రాలీ మీద ఉంటుంది, లాగడానికి గట్టి బండి కావాలి. పాత జీపు పని అయిపోయాక సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్మేచోట రెండు చూశాం. ఒకటి గేర్ల బండి, ఇంకోటి క్లచ్ లేని ఆటోమేటిక్. ఆటోమేటిక్ చెడిపోతే మన వైపు దాన్ని బాగుచేసే మెకానిక్ లేడు, గేర్ల బండినైతే రోడ్డు పక్కనే విప్పి బిగిస్తారు. పైగా గిద్దలూరు దాటాక ఘాట్ దిగుతుంటే ట్రాలీ వెనకనుంచి నెడుతుంది, సెకండ్ గేరులో ఆపుకున్నంత ధైర్యం ఇంకెందులోనూ ఉండదని నా వాదన. ఘాట్‌లో నేను ట్రాలీ లాగింది ఒక్కసారి కూడా లేదు.

బేరానికి ఆ డ్రైవర్నే తీసుకెళ్లాను. చుట్టరికం లేదు, అలవాటు కొద్దీ మామ అంటాను. మా దుకాణాల వాళ్లకు ఒక పద్ధతి ఉంది. ధర దిగాలంటే కొనడానికి ఇద్దరు వెళ్లాలి, ఒకడు ముచ్చటపడాలి, ఇంకొకడు పెదవి విరవాలి. మా నాయన పక్కన నిలబడి బెల్లం దగ్గరా చీరల దగ్గరా పెదవి విరుస్తూ పెరిగినవాణ్ని. మామకూ ఆ విద్య నేనే నేర్పాను.

మామ గేర్ల బండిని ఒక చుట్టు తిప్పి దిగి, మోకాలు పట్టుకున్నాడు.

"క్లచ్ శానా గట్టిగుంది అల్లుడూ. ట్రాలీతో ఘాట్ ఎక్కాలంటే నా కాలు ఆగదు. ఆటోమేటిక్ తీసుకో."

ఎంత బాగా చేస్తున్నాడో అని మురిసిపోయాను. మోకాలు పట్టుకోవడం నేను నేర్పింది కూడా కాదు. నడిపేవాడే వద్దంటున్నాడు చూడవయ్యా అంటూ అమ్మేవాడి మీద పడ్డాను. మామ ఇంకోసారి చెప్పాడు. నేను ఇంకొంచెం తగ్గించాను. గేర్ల బండితోనే ఇంటికొచ్చాం. దారిలో టీ తాగించి భుజం తట్టాను. మామ సగం టీ పారబోసి బండెక్కాడు. అలసిపోయాడులే అనుకున్నాను.

పెళ్లిళ్ల సీజన్ ఒకటి లాగించి, రెండోది మొదలుకాకముందే వెళ్లిపోయాడు.

నిలదీద్దామని పొదిలి వెళ్లాను. ఆటోమేటిక్ బండికి ట్రాలీ తగిలిస్తున్నాడు. ఆ రోజు కాలి గురించి అన్నది నిజమేనా అని అడిగాను.

"నిజం గాకపోతే ఏంది? నా కాలు అడ్డం పెట్టి బేరమాడితివి."

మరి ఇంట్లో విడిగా చెప్పొచ్చు కదా, ఇన్నేళ్ల మనిషివి నన్నిట్లా వదిలేసి వస్తావా అని గట్టిగానే అన్నాను.

"ఇంటికాడ నువ్వు ఎవరి మాట ఇన్నావు? బేరం కాడ ఒక్కటే గదా నీ చెవులు పనిచేసేది. అందుకే ఆడ చెప్పినా."

ఆ బండి అమ్మేసి ఆటోమేటిక్ తెస్తానన్నాను. బేరం మాటో నిజమో తేల్చుకోవడానికన్నట్టు నా ముఖంలోకి కాసేపు చూశాడు. నేను నిజమే చెబుతున్నాను. ట్రాలీ పిన్ను ఒకసారి లాగి చూసుకుని, బండెక్కి వెళ్లిపోయాడు.