రచయిత్రి గారి తలంటు

ఇది ఒక మహాకావ్యం. ఇందులో సుదూర ప్రయాణం ఉంది, ఒక రాజుగారి కొలువు ఉంది, దేవత దిగిరావడం ఉంది, ఒక స్త్రీ తలరాత మారడం ఉంది.

అని మొదలుపెట్టాలని చాలా కోరికగా ఉంది. కానీ ప్రయాణమంటే ఆమదాలవలస బస్టాండు నుంచి మా ఇంటికి రిక్షాలో. రాజుగారంటే మా పెదనాన్న, కొలువంటే వీధి అరుగు మీద ఆయన పడక కుర్చీ. దేవత మాత్రం నిజమే. వారపత్రికలో సీరియల్ రాసే రచయిత్రి గారు మా ఇంటికి వచ్చారు, అదీ ఆవిడ పుట్టినరోజు నాడు.

అరవయ్యో దశకం చివరి రోజులు. శనివారం మధ్యాహ్నం మా వీధిలో ఆడవాళ్ళంతా మా వసారాలో చేరేవాళ్ళు. నేను సీరియల్ పైకి చదివేదాన్ని. పి.యు.సి. తప్పినందుకు ఇంట్లో నాకు దొరికిన ఉద్యోగం అది. చదివేది నేను, ఏడ్చేది వాళ్ళు. పెదనాన్న అరుగు మీద దినపత్రిక అడ్డం పెట్టుకుని, తనకేమీ వినపడనట్టు కూర్చునేవారు. కథ రంజుగా ఉన్నంతసేపూ ఆయన పేజీ తిరగేది కాదు.

ఆ సీరియల్లో ఒక పిల్ల అత్తవారిల్లు వదిలి పుట్టింటికి వచ్చేసింది. తిరిగి వెళ్తుందా, చదువుకుని ఉద్యోగం చేస్తుందా అన్న దగ్గర కథ ఆగి ఉంది. మా ఇంట్లో కథా అక్కడే ఆగింది. పెదనాన్న కూతురు, మా అక్క, కొత్త పెళ్ళికూతురిగా ఆషాఢానికి పుట్టింటికి వచ్చింది. ఆషాఢం వెళ్ళింది, అక్క వెళ్ళలేదు. మరుసటి ఆషాఢం కూడా వచ్చి, అక్క ఇక్కడే ఉండటం చూసి వెళ్ళిపోయింది. విజయనగరంలో టీచరు ట్రైనింగుకు పంపమని అక్క అడిగితే పెదనాన్న అటూ ఇటూ చూసి, "ఆ కతలో పిల్ల ఏటి సేస్తాదో సూసి అప్పుడు సెప్తాను" అన్నారు. పంచాంగం చూసి ముహూర్తం పెట్టేవాళ్ళను చూశాను గానీ, వారపత్రిక చూసి పెట్టడం అదే మొదలు.

శ్రీకాకుళంలో ఏదో సభకు రచయిత్రి గారు వస్తున్నారని తెలిసి, తిరుగు రైలుకు ముందు మా ఇంట్లో ఒక పూట గడపమని వీధి ఆడవాళ్ళంతా కలిసి జాబు రాయించారు. ఆవిడ సరేనన్నారు! వచ్చే గురువారమే ఆవిడ పుట్టినరోజు కూడానని పత్రికలో చూసి, నేను నాలుగు పేజీల స్వాగతోపన్యాసం రాసుకున్నాను. అందులో 'సాహితీ శిఖరం' అన్న మాట మూడుసార్లు వచ్చింది.

శిఖరం రిక్షా దిగింది. నా భుజం దాకా వస్తారు. నూలు చీర, చేతిలో గుడ్డ సంచీ, కుడి చూపుడు వేలి మీద సిరా మరక. ఇన్నాళ్ళూ నేను చదివిందంతా ఆ వేలి కిందనుంచే వచ్చింది! ఉపన్యాసం విప్పి "మాన్యురాలైన..." అన్నానో లేదో, మా నాయనమ్మ అడ్డొచ్చింది.

"ఏటమ్మా, అంతంత కతలు రాస్తావు, తల సూడు ఎండుగడ్డిలాగున్నాది! పుట్టినరోజు పూట నూనె ఎట్టీవోళ్ళు నేరా?"

"పొద్దున్నే తలస్నానం చేశానండీ" అన్నారు దేవత, భయంగా.

"సేస్తే సేసావు. నూనె నేకుండా అదేటి తానం? రా, కూకో."

తర్వాత జరిగింది నేను రాసుకున్న కార్యక్రమంలో లేదు. పెరట్లో పీట వేశారు. నువ్వుల నూనె కాచారు. తెలుగు దేశాన్ని ఏడిపించిన రచయిత్రి మా బావి దగ్గర కళ్ళు మూసుకుని కూర్చుంటే, మా నాయనమ్మ ఆవిడ మాడు మీద దబదబా చరుస్తోంది. కుంకుడు రసం కళ్ళలో పడి ఆవిడ కెవ్వుమన్నారు. ఆ కేక కూడా నాకు గొప్పగానే వినిపించింది.

జుట్టు ఆరబోసుకుని, వీధి వాళ్ళు పెట్టిన చీర కట్టుకుని ఆవిడ వసారాలో చాప మీద కూర్చున్నారు. హారతి ఇచ్చారు. ఒకరిద్దరు ఆవిడ పాదాలకు దణ్ణం పెట్టబోతే లాగేసుకున్నారు. కథ మధ్యలో ఆపినందుకు వారం వారం ఈ మనిషిని తిట్టి పోసినవాళ్ళే, ఇప్పుడు ఆవిడకు విసనకర్రతో విసురుతున్నారు. అరుగు మీద దినపత్రిక కదలడం లేదు.

నాయనమ్మే అడిగింది. "పుట్టినరోజు నాడు అడుగుతన్నాను, దాసకుండా సెప్పు. ఆ పిల్లని మొగుడింటికి తోలేస్తావేటి?"

రచయిత్రి గారు తడి జుట్టు వెనక్కి తోసుకున్నారు. "వచ్చే భాగం ఇంకా రాయలేదండీ. నిజం చెప్పాలంటే, నాకే తెలియడం లేదు."

రాసేవాళ్ళకే తెలియదట!

"ఎల్లదు."

అందరం తిరిగి చూశాం. పాయసం గిన్నెతో గుమ్మంలో అక్క.

"ఆ పిల్ల ఎల్లదు. టైనింగుకి ఎల్తాది."

"ఎందుకు వెళ్ళదమ్మా?" అని అడిగారు రచయిత్రి గారు, నెమ్మదిగా.

"ఆ ఇంట్లో దాన్ని ఎవులూ కొట్టనేదు, తిట్టనేదు. మాటాడనేదు. ఉన్నన్నాళ్ళూ దాంతో ఎవులూ మాటాడనేదు. అది గోడతో మాటాడుకునీది."

సీరియల్లో అలాంటి ఇల్లు లేదు. ప్రతి వాక్యం చదివినదాన్ని, నాకు తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు. పక్కింటి అత్త నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఆ వీధిలో అది అపూర్వం. ఇంట్లో అంతకాలం ఉన్న మనిషి గొంతు అప్పుడే మొదటిసారి విన్నట్టనిపించింది.

దినపత్రిక మడిచిన చప్పుడైంది. పెదనాన్న గుమ్మం దాకా వచ్చి, కూతురి వైపు చూడకుండా, "మరి... తమరేటంటారు?" అని రచయిత్రి గారిని అడిగారు.

"నేననడానికి ఏముందండీ? ఆవిడ చెప్పేశారుగా" అంటూ ఆవిడ లేచి, అక్క చేతిలోని గిన్నె తానే అందుకున్నారు.

పెదనాన్న కండువా సర్దుకున్నారు. చరిత్రలో నిలిచిపోయే మాట ఏదో వస్తుందని కాచుకున్నాం. "బండి వేళవుతన్నాది, రిక్షా పిలవండి" అన్నారు.

రిక్షా మలుపు తిరిగాక నన్ను పిలిచారు. "ఒసే, ఆ టైనింగుకి దరకాస్తులో ఏటేటి ఎట్టాలో కనుక్కో."

కనుక్కున్నాను. రెండు ఫోటోలు పెట్టాలట. మర్నాడు శుక్రవారం. మా ఊళ్ళో ఫోటో స్టూడియోకి శుక్రవారం సెలవు. రెండు ఆషాఢాలు ఆగిన కథ ఇంకొక్క రోజు ఆగింది.