బస్సులో విన్న ‘బాహీ’

ఆ ట్యునీషియా సినిమా డైరెక్టర్ నాకెలా తెలుసని అడిగావు కదా బుజ్జీ. అప్పటికి ఆయన డైరెక్టర్ కాదమ్మా. కువైట్‌లో, నేను ఇంటిపని చేసే జహ్రాలో ఏసీలు బాగుచేసేవాడు.

ఇరాక్ సైన్యం రాగానే మా మామా వాళ్లు, అదే నేను పనిచేసే ఇంటి యజమానురాలు వాళ్లు, సౌదీకి వెళ్లిపోయారు. నా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. నేను జోర్డాన్ బస్సెక్కితే పక్క సీట్లో ఆయన ఉన్నాడు. దారిలో సైనికులు బస్సులాపి, కాగితాలు లేనివాళ్లను దింపేస్తున్నారని తెలిసి నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన తన సంచిలోంచి రొట్టె తీసి, ముందు సీట్లోని అరబ్బు పాపను వాళ్లమ్మతో చెప్పి నా ఒళ్లో కూర్చోబెట్టించాడు.

“ఏడిస్తే నిన్నే చూస్తారక్కా. ఈ పాపకు తినిపించు, తలెత్తొద్దు,” అన్నాడు అరబ్బీలో.

నేను గబగబా తుంచాను.

“అట్లా కాదు, మీ ఇంట్లో పెట్టినట్టు నిదానంగా.”

మళ్లీ చేశాను. “బాహీ,” అన్నాడు.

“బాగే ఉండాదా అన్నా?” అని తెలుగులోనే అడిగేశాను. వాళ్ల భాషలోనూ ఆ మాటకు బాగుందనే అర్థమట. ఇద్దరం నవ్వుకున్నాం.

నన్ను ఆ పాప ఇంటి పనిమనిషిననే అనుకున్నాడేమో, బస్సులోకి ఎక్కిన సైనికుడు ఏమీ అడగకుండా వెళ్లిపోయాడు. ఆయన పుణ్యాన ఇల్లు చేరాను.

నువ్వు పంపిన వీడియోలో, తాను మొదటిసారి డైరెక్షన్ చేసింది ఒక బస్సులో, ఒక ఇండియా ఆమెకు అని చెప్పాడు. విని చేతులెత్తి దండం పెట్టుకున్నాను.

ఆయన సంచిలో ఉన్నది ఆ ఒక్క రొట్టేనమ్మా. ఆ రోజంతా ఆయన ఏం తిన్నాడో?