గలగలమ్మ నెత్తుటిచుక్క

నాటక బృందాలకు దుస్తులు కుట్టే ఆవిడను అందరూ గలగలమ్మ అనేవారు. పెదాల మధ్య గుండుసూదులు కరిచిపట్టుకుని కూడా ఊరి కబుర్లన్నీ చెప్పగలిగిన మనిషి. రాజు అంగరఖా అయినా, బిచ్చగాడి చిరుగుల చొక్కా అయినా ఆవిడ చేతిలో పడితే నటుడి ఒంటికి అతికినట్టు అమరేది. పెళ్ళికి ముందు నుంచీ అదే పని. సూది దిగని వేలు లేదు. దిగినప్పుడల్లా ఆ వేలు నోట్లో పెట్టుకుని, తీసి, ఆపినచోటు నుంచే మాట అందుకునేది.

అలాంటి మనిషికి ఇంజెక్షన్ అంటే మాత్రం పైప్రాణాలు పైనే పోయేవి. "నా సూది నా మాట వింటుంది. డాక్టరు సూది ఎవరి మాటా వినదు" అనేది. ఒకసారి రక్తపరీక్షకు వెళ్ళి, నర్సు దూది తడుపుతుండగానే వెనక గుమ్మంలోంచి జారుకుంది. ముందు గుమ్మం దగ్గర కాపలా కూర్చున్న భర్త, ఆసుపత్రివాళ్ళు దీపాలు ఆర్పేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఆవిడ చెల్లెలి కూతురు ఒక వైద్య కళాశాలలో పరిశోధన చేస్తోంది. క్రిములు ఒంట్లోకి దూరితే శరీరం ఎలా పసిగడుతుందన్నది ఆ పిల్ల చదువు. ఒకనాడు కుట్టుగదికి వచ్చి, గుడ్డపీలికలు పక్కకి నెట్టి కూర్చుంది.

"పెద్దమ్మా, ఒక్క చుక్క రక్తం కావాలి. రేపు మా ల్యాబ్ చూడ్డానికి జనం వస్తున్నారు. వాళ్ళకి తెల్లకణాలు చూపించాలి."

"నీ ఒంట్లో లేదుటే?"

"నేను జలుబుకి మందులు మింగుతున్నా. నువ్వు గుండ్రాయిలా ఉన్నావుగా."

"ఉంటే? గుండ్రాయికి భయం ఉండకూడదా?"

"పోనీ, నువ్వే గుచ్చుకో. నేను చుక్క పట్టుకుంటా."

ఆ బేరం ఆవిడకు నచ్చింది.

మర్నాడు, చూడవచ్చినవాళ్ళ ఎదుట, కొత్త సూది పొట్లం విప్పి, పక్కావిడ జాకెట్టు మెడ ఎందుకు కుదరలేదో వివరిస్తూనే వేలికి పొడుచుకుంది. పిల్ల ఆ చుక్కను గాజుపలక మీద పరిచి, రొట్టెల పిండిని పొంగించే ఈస్ట్ కాస్త కలిపి, మైక్రోస్కోపు కింద పెట్టింది. ఎదురుగా తెర వెలిగింది.

తెర నిండా ఎర్రకణాలు, కదలకుండా మెదలకుండా. వాటి మధ్య ఒక తెల్లకణం మాత్రం ఊరుకోవడం లేదు. ఒక ఆకారమంటూ లేదు దానికి. మూతి చాపింది, ఒళ్ళు సాగదీసింది, అడ్డొచ్చిన ఎర్రకణాలను భుజాలతో నెట్టుకుంటూ ఒక ఈస్ట్ గింజ వైపు బయలుదేరింది. చేరింది. చుట్టేసింది. గుటుక్కున మింగింది.

గలగలమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. ఆవిడను ఎరిగినవాళ్ళెవరూ అంతకుముందు ఆ వింత చూసి ఉండరు.

"అది నాదేనా?" అంది చివరికి.

"నీదే పెద్దమ్మా."

"నేను దానికేం చెప్పలేదే. పరాయిదని ఎట్లా తెలిసింది?"

"క్రిముల పైపొరలో మన ఒంట్లో ఎక్కడా ఉండని పదార్థాలుంటాయి. ఈస్ట్ పొరలోనూ అంతే. వాటిని పట్టే కొక్కేల్లాంటివి తెల్లకణం నిండా ఉంటాయి. తగిలితే చాలు, దొరికిపోయినట్టే. ఎవరూ నేర్పక్కర్లేదు. నీతోపాటే పుట్టాయి."

ఆవిడకు నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకుందామంటే ఎక్కువైంది. కళ్ళు తుడుచుకుంటూ, పొట్ట పట్టుకుంటూ నవ్వింది. కారణం తెలియకుండానే గది మొత్తానికి ఆ నవ్వు అంటుకుంది.

"మరి మీ పెదనాన్న బొటనవేలో? మొన్న తలుపు సందులో నలిగింది. చర్మం చీరుకోలేదు, క్రిమి దూరడానికి దారే లేదు. అయినా ఇంత లావున వాచిందే."

"నలిగిన కణాలు పగిలితే, లోపల ఉండాల్సిన సరుకు బయట పడుతుంది. అది బయట కనిపించిందంటే ఏదో ఆపద వచ్చినట్టే. క్రిమి లేకపోయినా తెల్లకణాలు పరిగెత్తుకొస్తాయి. చెత్త ఎత్తెయ్యాలిగా."

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆవిడ కాళ్ళు నేలమీద ఆనలేదు. బస్సులో కండక్టరుకు చెప్పింది, పక్క సీటావిడకు చెప్పింది, తన స్టాపు దాటిపోయాక వెనక్కి నడుస్తూ తనకు తానే చెప్పుకుంది. గుమ్మంలో చెప్పులు విడిచీ విడవకముందే భర్త చెయ్యి అందుకుంది.

"ఏమండీ, ఆ వేలు ఇటివ్వండి."

"మెల్లగానే, నొప్పి."

"మీరు కాలుమీద కాలేసుకుని పేపరు చదువుతున్నారు. వాళ్ళేమో లోపల గొడ్డుచాకిరీ చేస్తున్నారు."

"ఎవరే?"

"మీవాళ్ళే."

ఆయన మెడ తిప్పి వంటింటి వైపు చూశాడు.

ఆ తరవాత ల్యాబ్‌కు ఎవరు వచ్చినా గలగలమ్మకు కబురు వెళ్ళేది. డాక్టరు సూదితో మాత్రం రాజీ కుదరలేదు. వానల్లో జ్వరం తగిలినప్పుడు, "ఉండనీ, లోపల మనవాళ్ళు పనిలో ఉన్నారు" అని మాత్ర వేసుకోనని మొండికేసింది. పిల్ల ఫోనులో గట్టిగా చెప్పాల్సొచ్చింది:

"జ్వరం కొంతవరకే మంచిది పెద్దమ్మా. కాపలావాళ్ళు మరీ రెచ్చిపోతే ఇల్లు పీకి పందిరేస్తారు. నోరు మూసుకుని మాత్ర వేసుకో."

"నోరు మూసుకుంటే మాత్ర ఎట్లా పోతుందే?" అంది గాని, వేసుకుంది.

జ్వరం దిగిన పొద్దున భర్త అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. దుప్పటి నెత్తి మీదనుంచి కప్పుకుని, ఒక చెయ్యి చాపి, ఒళ్ళంతా ఆ చేతివైపు ఈడ్చుకుంటూ, దారిలో కుర్చీని భుజంతో తోసి, గలగలమ్మ గదికి అడ్డంగా పాకుతూ వచ్చింది. ఆయన సగం నురగ మొహంతో వెనక్కి తిరిగేలోపే దుప్పటి చుట్టేసింది.

"నేనేం చేశానే?" అన్నాడు ఆయన దుప్పటి లోపల్నుంచి.

"కదలకండి," అంది ఆవిడ పడీపడీ నవ్వుతూ, "మింగడం ఇంకా అవలేదు."