పెరట్లో పాతిన పుస్తె

మా పెరట్లో ఏం మొలుస్తుందా అని పక్కింటి పిన్నిగారు రోజూ గోడ మీంచి తొంగి చూసేవారు. నేను పొద్దున్నే ఆ మడికి నీళ్లు పోసేదాన్ని. చుట్టూ ఇటుకల గట్టు, మధ్యలో నున్నగా చదును చేసిన మట్టి, వరసగా గుచ్చిన వెదురు పుల్లలు, ఒక్కో పుల్లకీ ఒక్కో రంగు దారం. చూసినవాళ్లెవరైనా మంచి జాతి విత్తనాలేవో వేశామనే అనుకుంటారు.

"ఏం వేశారమ్మా?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగేశారు.

"మేకులండి," అన్నాను. "ఆ చివర సోడా మూత. ఇటు వెండి మెట్టె, రాగి తీగ ముక్క."

ఆవిడ తల గోడ అవతలికి దిగిపోయింది. మా ఆయన తిక్క గురించి తెనాలిలో మా వీధి మొత్తానికి తెలుసు. అది నాకూ అంటుకుందని ఆ రోజు ఖాయం చేసుకుని ఉంటారు.

సంగతేమిటంటే, మా అక్కని రేపల్లె అవతల ఒక పల్లెకిచ్చారు. సొంత పొలం, సొంత రెక్కల కష్టం. కిందటి వానాకాలం నాట్లు వేస్తుండగా ఆమె మెళ్లో పసుపుతాడు నాని పుటుక్కున తెగింది. మా వైపు తాడుకి రెండు పుస్తెలుంటాయి. ఒకటి పుట్టింటివాళ్లు పెట్టేది, ఇంకొకటి అత్తింటివాళ్లు పెట్టేది. అత్తింటిది రవికలో చిక్కుకుని దొరికింది. పుట్టింటిది బురదలో పడిపోయింది. చేతులతో దేవారు, నీళ్లు తీశాక వెతికారు, కోతలయ్యాక మళ్లీ వెతికారు. అక్క దాని చోట పసుపుకొమ్ము కట్టుకుని ఊరుకుంది. ఫోనులో ఊళ్లోవాళ్ల కబుర్లన్నీ చెప్పేది గానీ ఆ ఊసు మాత్రం ఎత్తేది కాదు. అలా ఎత్తనందుకే నాకు ఆ పుస్తె మాటిమాటికీ గుర్తొచ్చేది.

ఆ పుస్తె మా అమ్మ గాజు. బాపట్లలో మా ఇంట్లో బంగారం అంటూ ఉన్నది అమ్మ కుడిచేతి గాజు ఒక్కటే. అక్క పెళ్లికి అమ్మ దాన్ని కరిగించి, కంసాలి చేత ఒకే అచ్చులో రెండు పుస్తెలు చేయించింది. ఒకటి అక్క మెడకెక్కింది. రెండోది నా పెళ్లి దాకా బియ్యం డబ్బాలో దాక్కుంది. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ చెయ్యి బోసిగానే ఉంది.

ఎండలు ముదిరేసరికి, బావ ఆ పొలాన్ని రొయ్యల చెరువుకి ఇచ్చేశాడని తెలిసింది. ప్రొక్లెయిన్ వచ్చి మట్టి తవ్వి గట్లు పోసేస్తే, అమ్మ బంగారం ఏ గట్టు కడుపులో ఉందో ఇక ఎవరికీ తెలియదు.

మా ఆయన మోటార్లకు వైండింగ్ చేస్తారు. చేతిలో తీగచుట్ట ఉంటే అన్నం సంగతి కూడా గుర్తుండని మనిషి. వదినగారి కోసమంటూ లోహాలు పట్టే యంత్రం ఒకటి ఆన్‌లైన్లో తెప్పించారు. పొడుగాటి కడ్డీ, కింద పళ్లెమంత చక్రం, చెవులకు హెడ్‌ఫోన్లు. ఏ లోహం ఎలా పలుకుతుందో ముందు చెవికి పట్టుబడాలని, లేకపోతే పొలంలో పడే ప్రతి చప్పుడుకీ గొయ్యి తవ్వుకుంటూ కూర్చోవాలని ఆయన అన్నారు. ఆ మడి అందుకే. తవ్విన మట్టి కుదురుకుంటే గాని శబ్దం నిఖార్సుగా రాదట. నేను పోసిన నీళ్లు అందుకే.

మొదటిసారి నేను నవ్వులాటకే హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. మేకు దగ్గర యంత్రం బొంగురు గొంతుతో కసిరింది. రాగి దగ్గర గట్టిగా పాడింది. మెట్టె దగ్గర ఇంకా సన్నగా, పైకెక్కి పలికింది. పెళ్లయినప్పటి నుంచీ ఆ పెరట్లో ముగ్గులు పెట్టాను, అంట్లు తోమాను, వడియాలు ఎండబెట్టాను. ఆ నేలకి గొంతుందని, దేన్ని దాచుకుంటే ఆ గొంతుతో మాట్లాడుతుందని నాకు తెలియనే తెలియదు. చక్రం ఎటు తిప్పినా వెండి పలుకుతోందేమిటని ఇంకా ఆశ్చర్యపోతుంటే, మా ఆయన నా పాదాలకేసి చూశారు.

"కాస్త వెనక్కి నిలబడు. మోగేది నీ మెట్టెలే."

నిజం బంగారాన్ని మట్టిలో పాతడానికి మాత్రం మా ఇద్దరికీ చేతులు రాలేదు. బజార్లో రోల్డ్‌గోల్డ్ పుస్తె కొని పాతాం. చూపుకి అచ్చం అక్క పుస్తే. ఖంగున పలికింది. బంగారమంటే మరి అంత దర్జాగానూ పలకొద్దూ అనుకుని, ఆ గొంతు చెవిలో పెట్టుకుని రేపల్లె వెళ్లాం. పొలంలో ఎక్కడ ఖంగుమంటే అక్కడ తవ్వాం. మోటారు తీగ ముక్కలు, పాత నాణెం, ఇత్తడి మరమేకు దొరికాయి. పైగా అది ఉప్పు నేల. తడి తగిలిన చోటల్లా యంత్రం చెవిలో ఒకటే రొద పెట్టింది.

"ఎండలో ఎందుకండీ మరిదిగారూ ఈ పాట్లు? పోయిందేదో పోయింది," అంది అక్క. మెడలో పసుపుకొమ్ముని కొంగుతో కప్పుకుంది.

ఆ రొదలో వినడం ఇంటి దగ్గరే నేర్చుకోవాలని, వస్తూ వస్తూ ఆ పొలం మట్టిని యూరియా సంచుల్లో నింపుకుని తెనాలి రైలెక్కాం. ఎదుటి సీటు పెద్దావిడ సంచి మీద చెయ్యేసి అడిగింది.

"ఏంటమ్మా, బియ్యమా?"

"మట్టండి."

ఆవిడ చెయ్యి తీసి కొంగుకి తుడుచుకుంది.

మడిలో సగం తవ్వేసి ఆ ఉప్పుమట్టితో నింపాం. మా ఆయన పక్కనే గొంతుక్కూర్చుని రోల్డ్‌గోల్డ్ పుస్తెని గీరి చూశారు. "లోపలంతా ఇత్తడే. మనం వెతికింది ఇత్తడిని," అన్నారు. ఆ తర్వాత చాలాసేపు సంచులు దులుపుతూ, మడతలు పెడుతూ ఉన్నారు. నా మెడవైపు మాత్రం చూడలేదు. నాకర్థమైంది.

దేవుడి గూటి ముందు నిలబడి, ముందుగా పసుపుతాడుకి కొమ్ము కట్టి మెళ్లో వేసుకున్నాను. అప్పుడు నా పుట్టింటి పుస్తెని విప్పాను. నాకు భయమేసింది, అందులో దాపరికమేమీ లేదు. భర్త ఎదురుగా ఉండగా మెడలోది తీసి మట్టిలో పెట్టే ఆడదాన్ని నేనెక్కడా చూడలేదు.

"వద్దులేవే," అన్నారాయన.

"అచ్చు ఒకటే, బంగారం ఒకటే. దీని గొంతు తెలిస్తే దాని గొంతు తెలిసినట్టేగా," అన్నాను. బెత్తెడు లోతున పెట్టి, మట్టి కప్పి, ఎర్ర దారం పుల్ల గుచ్చాను.

మట్టి కుదురుకునేదాకా రోజూ నీళ్లు పోశాను. అప్పుడు విన్నాను. మొదట ఏమీ వినపడలేదు. చక్రాన్ని నేలకి ఆనించినంత పని చేసి, మెల్లగా తిప్పితే, రొద కింద నుంచి లేచింది. మెత్తగా, తగ్గి, కథ వింటూ నిద్రలోకి జారే పిల్లలు "ఊఁ" కొట్టినట్టు. ఖంగుమనడం లేదు, దర్జా లేదు. నేను ఊపిరి బిగబట్టి మళ్లీ తిప్పాను. మళ్లీ "ఊఁ" అంది. ఇలాంటి చిన్న చప్పుళ్లని పొలంలో మందు పాకెట్ల రేకులని ఎన్ని వదిలేశామో! కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అమ్మ కూడా ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగదు.

రెండోసారి వెళ్లేసరికి పక్క పొలంలో ప్రొక్లెయిన్ దిగి ఉంది. ఆ పొద్దున్నే మడిలోంచి నా పుస్తె తీసి, కడగనైనా కడక్కుండా కొంగున ముడేసుకున్నాను. గొంతు మరిచిపోతానేమోనని పొలం గట్టున దాన్ని మట్టి కప్పి ఓసారి విని, మళ్లీ ముడేసుకుని, మెట్టెలు తగలకుండా కాళ్లు వెనక్కి పెట్టి వెతకడం మొదలుపెట్టాను. మా ఆయన తాళ్లు లాగి బాటలు చూపించారు. ప్రొక్లెయిన్ మోతకి హెడ్‌ఫోన్లలో కూడా ఏమీ వినబడటం లేదు. డ్రైవరు అన్నం తినడానికి దిగి ఇంజను ఆపాడు. ఒక్కసారిగా నేల నిశ్శబ్దమైంది.

"ఊఁ" అంది.

చెయ్యూపితే అక్క పరుగెత్తుకొచ్చింది. హెడ్‌ఫోన్లు తీసి ఆమె చెవులకి పెట్టాను. విని, అక్కడే కూలబడి, మట్టిని గోళ్లతోనే తవ్వింది. మట్టిపెడ్డ విరిస్తే అందులో పసుప్పచ్చగా అంచు కనబడింది. అన్నాళ్లు ఉప్పులో, బురదలో, ఎడ్లూ ట్రాక్టర్లూ తొక్కిన నేలలో ఉన్నా దానికేమీ కాలేదు.

నా ముడి విప్పి రెండూ ఒకే చెంబులో వేసి కడిగాను. రెండింటికీ అదే మట్టి అంటుకుని ఉందిగా! కడిగి అరచేతిలో వేసుకున్నాక గాని చేసిన పని తెలిసి రాలేదు. ఏది ఎవరిదో పోల్చుకోలేకపోయాను. మా ఆయన వాటిని గట్టు మీద ఎడంగా పెట్టి చక్రం తిప్పారు. అదీ "ఊఁ" అంది, ఇదీ "ఊఁ" అంది. నేను రెండింటినీ తిప్పి తిప్పి చూశాను.

అక్క నా కంగారు పట్టించుకోలేదు. ఒకటి తీసుకుని, పసుపుకొమ్ము విప్పి, దాని చోట గుచ్చుకుంటోంది.

"అక్కా, అది నాదేమోనే!"

"ఏదైతే ఏంటే? అమ్మ చేతికున్నప్పుడు ఒకటేగా," అంది.

మిగిలినదాన్ని నేను కట్టుకున్నాను.