పాత పెట్రోలు పంపుకి కొత్త గొట్టం

పాత పెట్రోలు పంపులు బాగుచేయడం నా పని. రాజమండ్రిలో మా ఇంటి వెనక షెడ్డులో చేస్తాను. హోటళ్లవాళ్లు, పాత కార్లంటే సరదా ఉన్నవాళ్లు కొనుక్కుని అలంకారానికి పెట్టుకుంటారు. తుప్పు గీకి, రంగు వేసి, ఇత్తడి మెరిసేదాకా రుద్ది ఇస్తాను. పెట్రోలు మాత్రం ఎప్పుడూ పోయను. నాకు భయం.

ద్రాక్షారామం దగ్గరి పల్లె నుంచి ఒకావిడ పంపించిన పంపు చేత్తో కొట్టే రకం. పక్కనున్న పిడి ఆడిస్తే కింద డ్రమ్ములోంచి పెట్రోలు పైనున్న గాజు జాడీలోకి ఎక్కుతుంది. జాడీ కింద కుళాయి తిప్పితే గొట్టంలోంచి దిగి బండిలో పడుతుంది. భర్త పోయాక ఆవిడే చాలా ఏళ్లు బంకు నడిపారట. మూసేశాక పంపుని ధాన్యం కొట్టులో దాచుకున్నారు. ఊళ్లో అందరూ పిన్నిగారంటే నేనూ అలాగే పిలిచాను.

పాత గొట్టం పట్టుకుంటేనే పొడిపొడిగా రాలిపోయింది.

"కొత్తది ఎర్రగానే ఉండాలండీ. ఆయన ఎర్రదే వేయించారు," అన్నారు పిన్నిగారు ఫోన్లో.

కాకినాడలో బంకుల సామాను అమ్మే షాపులో అసలు పెట్రోలు గొట్టం చూశాను. నల్లగా, లావుగా ఉంది. దాని రబ్బరు పెట్రోలుకి మెత్తబడదు. లోపల సన్నటి తీగ ఉంటుంది. పెట్రోలు పారేటప్పుడు పుట్టే కరెంటుని ఆ తీగ భూమిలోకి దించేస్తుంది, నిప్పురవ్వ రాకుండా. కానీ ఆ నాజూకైన పంపు పక్కన అది కొండచిలువలా ఉంటుంది. పెట్రోలు పోసేది లేదు కదా అని, పొలంలో మందు కొట్టే మిషను గొట్టం తీసుకుని, పైన ఎర్ర నూలు అల్లిక తొడిగించాను. పంపు దింపిన రోజున పిన్నిగారికీ ఆవిడ అల్లుడుగారికీ స్పష్టంగా చెప్పాను.

"ఇది చూడ్డానికేనండీ. ఇందులో పెట్రోలు పోయకూడదు."

"అబ్బే, ఎందుకు పోస్తామండీ," అన్నారు అల్లుడుగారు.

ఆ తర్వాత మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి నన్నూ మా ఆవిణ్నీ పిలిచారు. మేం గేటు దాటేసరికి పంపు చుట్టూ జనం, చేతుల్లో ఫోన్లు. గాజు జాడీ నిండా నారింజరంగు పెట్రోలు. ముందు స్కూటరు సీటు ఎత్తి ఉంది. పట్టుచీర కట్టుకుని, గొట్టం చివరి ఇత్తడి గన్ను పట్టుకుని నవ్వుతున్నారు పిన్నిగారు.

"అత్తయ్యగారికి సర్‌ప్రైజ్ అండీ! కుళాయి ఇప్పుడే తిప్పాను," అన్నారు అల్లుడుగారు నన్ను చూసి.

నా కళ్లు గొట్టం మీదకే పోయాయి. ఎర్ర అల్లిక మీద తడి మచ్చ పాకుతోంది. కుళాయి దగ్గర అతుకు జారి, పెట్రోలు ధారగా గచ్చు మీద పడుతోంది. గచ్చు వాలు షామియానా వైపు. షామియానా కింద గ్యాస్ పొయ్యి మీద గారెలు వేగుతున్నాయి.

అరవాలనుకున్నాను. ఆలోపే అరిచింది మా ఆవిడ.

"స్టవ్ ఆపేయండి! స్టవ్!"

"వాయి మధ్యలో ఉందమ్మా," అన్నాడు వంటాయన.

"ఆపెయ్యవయ్యా బాబూ! పెట్రోలు!"

వంటాయన స్టవ్ కట్టేశాడు. నేను కుళాయి దగ్గరికి ఉరికాను. అది కదల్లేదు. నేనే వేసిన రంగు పెట్రోలుకి మెత్తబడి జిగురులా పట్టేసింది. పైన జాడీలో సగానికి పైగా ఉంది. ఆ పెట్రోలూ, ఆవిడ పట్టుచీర, తీగ లేని ఆ గొట్టం... ఒక్క రవ్వ చాలు.

"పిన్నిగారూ, గన్ను స్కూటరుకి తగలనివ్వకండి. అలాగే ఉండండి."

"ఏంటండీ?" అన్నారు ఆవిడ. వెంటనే కింద చూశారు. బంకు నడిపిన మనిషి, ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. మొహం తెల్లబోయింది. చెయ్యి మాత్రం కదలనివ్వలేదు. "పిల్లల్ని దొడ్లోకి తీసుకుపోండి. అమ్మాయిని ముందు తీసుకుపోండి," అన్నారు లోగొంతుతో.

అల్లుడుగారి కండువా లాక్కుని కుళాయికి చుట్టి, రెండు చేతులా బలంగా తిప్పాను. జారింది. మళ్లీ తిప్పాను. మూడు నాలుగు పట్లకి కిర్రుమని మూసుకుంది. ధార చుక్కలైంది, ఆగిపోయింది. వీధిలో గోడ పని కోసం పోసిన ఇసుక ఉంటే గమేళాలతో తెచ్చి గచ్చంతా కప్పాం. ఏమీ అంటుకోలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. అది తెలిశాక మెట్టు మీద కూలబడ్డాను.

అల్లుడుగారు స్కూటరుని దూరంగా నెట్టుకుపోయారు. పిన్నిగారు గన్ను ఇసుక మీద పెట్టి వచ్చి నా పక్కనే కూర్చున్నారు.

"మీరు వద్దన్నారని నాకు గుర్తుందండీ. అయినా ఒక్కసారి చేతిలోకి తీసుకోవాలనిపించింది," అన్నారు.

వారం తిరక్కుండా ఫోన్ చేశారు. "నల్లదే వేసెయ్యండి. అసలుదే."

"వేస్తానండీ. దాంతోపాటు జాడీలోకి ఎక్కే దారి కూడా మూసేస్తాను. ఇంకెవరూ పోయలేకుండా."

"మూసెయ్యండి," అన్నారు.

కాకినాడ షాపులో గొట్టాన్ని మెలిపెట్టి పగుళ్లున్నాయేమో చూశాను. తీగ తెగలేదని మీటరు పెట్టి తేల్చుకున్నాను. షాపాయన వింతగా చూశాడు.

"దారి మూసేసే పంపుకి ఇంత చూడ్డం ఎందుకండీ?"

"నేను పోయాక ఎవరో ఒకరు ఆ దారి తెరుస్తారండీ," అన్నాను.

నల్ల గొట్టం బిగించిన రోజున పిన్నిగారు దాన్ని చేత్తో తడిమి చూశారు. "భోంచేసి వెళ్లండి," అన్నారు. ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో అన్నం తింటూ, వంటింట్లో అగ్గిపుల్ల గీసిన చప్పుడుకి నేనూ పిన్నిగారూ ఒక్కసారే తలెత్తాం.